టికెట్ మీద రేటు ఒకటి, చేతి నుంచి పోయేది ఒకటి: కెనడా నుంచి ఊరికి వెళ్లే విమానం లెక్క

విమానం టికెట్ల మీద చేసిన ఎపిసోడ్ విన్నాక ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "అన్నా, అంకెలు గబగబా చెప్పేశావు, రాసి పెట్టు" అని. బండి నడుపుతూ విన్నవాళ్లు, నైట్ షిఫ్ట్‌లో ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నవాళ్లు ఉన్నారు కాబట్టి రాసే పెడుతున్నాను. అక్కడ చెప్పడం మరిచిపోయినవి కూడా కొన్ని కలిపాను.

నేను ట్రావెల్ ఏజెంటుని కాదు. గాజువాకలో ఐటీఐ ఫిట్టర్ చేశాను, దోహాలో పదకొండేళ్లు పని చేశాను, ఇప్పుడు ఎడ్మంటన్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. నాకు వచ్చిందల్లా సబ్ కాంట్రాక్టర్ల కొటేషన్ చదవడం. పైన పెద్ద అక్షరాల్లో తక్కువ రేటు ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో "ఇవి మా రేటులో లేవు" అని ఒక లిస్టు ఉంటుంది. క్రేన్ లేదు, స్కాఫోల్డింగ్ లేదు, చెత్త ఎత్తడం లేదు. ఆ కింది లిస్టు చదవకుండా తక్కువ రేటువాడికి పని ఇచ్చేస్తే చివరికి అందరికంటే ఎక్కువ బిల్లు వాడిదే వస్తుంది. విమానం టికెట్ కూడా అచ్చం అలాంటి కొటేషనే అని నాకు అర్థమవడానికి మా సైట్‌లో ఒక తమ్ముడికి జరిగింది చూడాల్సి వచ్చింది.

ఆ తమ్ముడిది జగిత్యాల దగ్గర పల్లె. మా దగ్గర స్టీల్ ఫిక్సర్. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఒక రాత్రి రెండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పోయిండు" అన్నాడు. నేను బట్టలు మార్చుకుని వాడి రూముకి వెళ్లేసరికి టికెట్ కొనేశాడు. "అగ్గువకే దొరికింది అన్నా" అని ఫోన్ చూపించాడు. ఊళ్లో ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు, రెండు రోజులు ఆగుతామన్నారు. కొడుకు వచ్చి తలకొరివి పెట్టాలి కదా.

వాడు కొన్నది ఒక టికెట్ కాదు, రెండు. ఎడ్మంటన్ నుంచి టొరంటోకి ఒక ఎయిర్‌లైన్, 210 డాలర్లు. టొరంటో నుంచి గల్ఫ్ మీదుగా హైదరాబాద్‌కి రానూపోనూ ఇంకో ఎయిర్‌లైన్, 1,430. మొత్తం 1,640. అదే రోజు ఒకే టికెట్ మీద ఎడ్మంటన్ నుంచి హైదరాబాద్‌కి 2,150 చూపించింది. 510 డాలర్లు మిగిలాయి అనుకున్నాడు. ఆ సమయంలో ఎవరైనా అలాగే అనుకుంటారు. వెబ్‌సైట్‌లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఒక మాట చిన్నగా ఉంది. దాని అర్థం వాడికి తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజుకి నాకూ పూర్తిగా తెలియదు.

ఆ సైట్ సీటుకి 38, "ప్రొటెక్షన్" అని ఏదో టిక్ పెట్టి 79 పట్టింది. ఎడ్మంటన్ కౌంటర్‌లో బ్యాగుకి 42. గేటు దగ్గర చేతి బ్యాగు పెద్దదన్నారు, 65. అయినా సరే, వెళ్తే చాలు అనుకున్నాం. మొదటి విమానం మూడు గంటల పైన లేటయింది. టొరంటోలో బెల్ట్ మీద బ్యాగు కోసం ఆగి, టెర్మినల్ మారి, పరుగెత్తి వెళ్లేసరికి రెండో విమానం కౌంటర్ మూసేశారు. రెండో ఎయిర్‌లైన్ లెక్కలో వాడు "నో షో", అంటే రాని మనిషి. పోయే టికెట్టే కాదు, తిరుగు టికెట్ కూడా రద్దయిపోయింది. మర్నాడు వేరే విమానానికి ఒక వైపుకే 1,720. కలపండి: 3,584 డాలర్లు, అందులో తిరుగు ప్రయాణం లేదు. వాడు ఊరు చేరేసరికి పెదనాన్న కొడుకు కొరివి పెట్టేశాడు. రెండు రోజులన్నవాళ్లు మూడో రోజు పొద్దున దాకా చూశారు, ఇంక ఆగలేకపోయారు.

అందుకే ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి. ఫోన్ వచ్చిన రాత్రి నేర్చుకోవడం కుదరదు.

మొదట పన్నుల సంగతి, త్వరగా. కెనడాలో 2012 డిసెంబరు 18 నుంచి ఒక రూల్ ఉంది. విమానం రేటు ప్రకటించేటప్పుడు పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు, ఇంధనం సర్‌ఛార్జి అన్నీ కలిపిన మొత్తమే చూపాలి. అంతకుముందు 199 అని బోర్డు పెట్టి చివర్లో 380 చేసేవాళ్లు. ఇప్పుడు ఆ మోసం ఇక్కడ చెల్లదు. లోపల ఏమున్నాయో విడదీసి చూస్తే, ఎయిర్‌పోర్ట్ ఇంప్రూవ్‌మెంట్ ఫీజు ఒకటి ఉంటుంది. దాన్ని వాంకోవర్ 1993లో మొదలుపెట్టింది, ఇప్పుడు పెద్ద ఎయిర్‌పోర్టులన్నీ తీసుకుంటున్నాయి. ఇంకొకటి సెక్యూరిటీ ఛార్జి. అమెరికాలో 2001 దాడుల తర్వాత, 2002 ఏప్రిల్‌లో వచ్చింది. 2024 మే 1న పెరిగి, ఇండియాలాంటి దూరదేశాలకి ఇక్కడి నుంచి బయల్దేరితే 34.42 డాలర్లు అయింది. మన దగ్గరే ఎందుకింత అంటే, ఇక్కడి పెద్ద ఎయిర్‌పోర్టుల భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. నడిపే సంస్థలు లాభం కోసం పనిచేసేవి కాకపోయినా, ప్రభుత్వానికి కౌలు కడతాయి. పెద్ద ఎయిర్‌పోర్టులైతే ఆదాయంలో 12 శాతం దాకా. ఎక్కేవాడే కట్టాలి అన్నది ఇక్కడి పద్ధతి. ఈ ఫీజుల్లో మనం బేరమాడేది ఏమీ లేదు. ఎవరి దగ్గర కొన్నా అంతే.

అసలు కత ఆ రూల్ బయట ఉంది. "మనిషి కోరుకుంటేనే" కొనే వస్తువుల్ని ఆ మొత్తంలో కలపక్కర్లేదు. బ్యాగు, సీటు, తిండి, తేదీ మార్చుకునే వీలు. ఒకప్పుడు ఇవి టికెట్‌లోనే ఉండేవి. 2008లో పెట్రోలు రేటు మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెకిన్ బ్యాగుకి 15 డాలర్లు అంది. కెనడాలో 2014 సెప్టెంబరులో వెస్ట్‌జెట్, ఎయిర్ కెనడా రెండూ ఒకే వారంలో దేశం లోపలి చవక టికెట్లకి మొదటి బ్యాగు మీద 25 డాలర్లు ప్రకటించాయి. 2024లో వెస్ట్‌జెట్ అల్ట్రా బేసిక్ అని తెచ్చింది. 2025 జనవరి 3 నుంచి ఎయిర్ కెనడా ఉత్తర అమెరికా లోపలి బేసిక్ టికెట్లకి పైన అరలో పెట్టే చేతి బ్యాగు కూడా తీసేసింది. కాళ్ల దగ్గర పట్టే సంచి ఒక్కటే ఉచితం. గేటు దాకా పెద్ద బ్యాగు తెస్తే 65 డాలర్లు. 2024 డిసెంబరులో ఒట్టావాలో పార్లమెంటు రవాణా కమిటీ ఎయిర్‌లైన్ల పెద్దల్ని పిలిచి ఇదేం పద్ధతి అని అడిగింది కూడా. వాళ్లు చెప్పింది, బ్యాగు లేనివాడు బ్యాగు ఉన్నవాడి ఖర్చు ఎందుకు మోయాలి అని. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. కానీ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఊరికి వెళ్లే మనలో సంచి ఒక్కదానితో వెళ్లేవాడు ఎవడు?

ఇక్కడ మనవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. ఇండియా వెళ్లే పెద్ద విమానంలో రెండు బ్యాగులు ఉచితం కదా, ఇక్కడి నుంచి టొరంటో దాకా కూడా అంతే అనుకుంటారు. ఒకే టికెట్ అయితే అది నిజమే. 2015 ఏప్రిల్ నుంచి కెనడాకి వచ్చే, కెనడా నుంచి పోయే ఒకే టికెట్ మీద ఎన్ని ఎయిర్‌లైన్లు మారినా మొత్తం ప్రయాణానికి ఒకే బ్యాగు రూల్ ఉండాలని కెనడియన్ ట్రాన్స్‌పోర్టేషన్ ఏజెన్సీ చెప్పింది. రెండు టికెట్లు అయితే ఆ రూల్ మీకు లేదు. ఎవరి రూల్ వాళ్లదే. నాకే తగిలింది ఇది. ఒకసారి హైదరాబాద్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి వైజాగ్‌కి విడిగా ఇంకోటి కొన్నాను. ఇక్కడి నుంచి 23 కేజీల బ్యాగులు రెండు. అక్కడ లోపలి విమానంలో 15 కేజీలే. శంషాబాద్‌లో కౌంటర్ ముందు చాక్లెట్లు, పిల్లల బూట్లు అన్నీ నేల మీద పరిచి, ఏది ఉంచాలి ఏది తియ్యాలి అని కూర్చున్నాను. చివరికి కట్టింది వైజాగ్ టికెట్ కంటే ఎక్కువ. ఇంటికెళ్తే మా ఆవిడ రైలుకి రాలేకపోయావా అంది.

ఇప్పుడు రేటు గంటకోరకంగా ఎందుకు మారుతుందో చూద్దాం. ఒకే వరసలో కూర్చున్న ముగ్గురు మూడు రేట్లు ఇచ్చి ఉంటారు. అమెరికాలో 1978లో, కెనడాలో 1988 నుంచి, రేట్ల మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. అప్పటి నుంచి కంప్యూటర్ లెక్కలు పెరిగాయి. ఎకానమీ సీట్లన్నీ ఒకటే అయినా అమ్మేటప్పుడు వాటిని బకెట్లుగా విడగొడతారు. ఒక్కో బకెట్‌కి ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక రేటు, కొన్ని షరతులు. చవక బకెట్ ఖాళీ అయితే తర్వాతది తెరుస్తారు. విమానం నిండడం లేదనుకుంటే మళ్లీ చవకది తెరుస్తారు. అంత్యక్రియలకి, ఆపరేషన్‌కి పరుగెత్తేవాడు చివరి రోజు కొంటాడని వాళ్లకి తెలుసు. చివరి రోజుకి మిగిలేది ఖరీదైన బకెట్లే. వాడికి బేరమాడే ఓపిక ఉండదని కూడా ఆ లెక్కకి తెలుసు.

ఇందులో పనికొచ్చే చిట్కా ఒకటి. కుటుంబం నలుగురికి కలిపి వెతికితే, చవక బకెట్‌లో రెండే సీట్లు ఉన్నప్పుడు నలుగురికీ పై బకెట్ రేటే వేస్తారు. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతికి చూడండి. తేడా కనబడితే రెండుగా కొనొచ్చు. కాకపోతే ఒక బుకింగ్ మారితే రెండోది దానంతట అది మారదు, పిల్లలు పెద్దల బుకింగ్‌లోనే ఉండాలి. అన్నట్టు, పిల్లల పక్కన సీటు కోసం డబ్బు కట్టకండి. కెనడా రూల్ ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్ని తల్లి లేదా తండ్రి పక్కనే కూర్చోబెట్టాలి, అదనంగా తీసుకోకూడదు. 14 ఏళ్ల లోపు వాళ్లని కూడా దగ్గర్లోనే.

మన రూట్లో రేటు ఎక్కువగా ఉండడానికి ఇంకో కారణం నేరుగా విమానం లేకపోవడం. 2022 నవంబరులో కెనడా, ఇండియా ఒప్పందం మార్చుకున్నాయి. ఎన్ని విమానాలైనా నడపొచ్చు అన్నారు. కెనడా ఎయిర్‌లైన్లు దిగగలిగే ఊర్లలో హైదరాబాద్ పేరు కూడా ఉంది. పేరు కాగితం మీద ఉంది, ఇది రాసే రోజుకి విమానం మాత్రం లేదు. అందుకని ఢిల్లీలోనో, గల్ఫ్‌లోనో, యూరప్‌లోనో మారక తప్పదు. మారే చోటే డబ్బు పోయే చోటు.

అందుకే నా మాట: మధ్యలో మారేది ఉంటే మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం లేటయినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత వాళ్లది. రెండు టికెట్లు అయితే మధ్యలో ఉన్న ఆ మూడు గంటలు మీ సొంతం, రిస్కు కూడా మీ సొంతం. పైగా మధ్య దేశంలో బ్యాగు తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తే ఆ దేశంలోకి వెళ్లడానికి వీసా కావాలి. అది లేకపోతే ఇక్కడి కౌంటర్‌లోనే ఎక్కనివ్వరు. వర్క్ పర్మిట్ ఉన్న తమ్ముళ్లకి ఇంకో మాట. వర్క్ పర్మిట్ అంటే వీసా కాదు. పాస్‌పోర్ట్‌లో ఉన్న కెనడా వీసా తేదీ అయిపోతే, పర్మిట్ ఇంకా ఉన్నా తిరిగి రానివ్వరు. ఊళ్లో కూర్చుని మళ్లీ వీసాకి పెట్టుకోవాలి. తిరుగు టికెట్ తేదీ మార్చుకునే ఖర్చు అప్పుడు తెలుస్తుంది. ఫోన్ పెట్టేసి ఒకసారి వీసా తేదీ చూసుకోండి, ఇప్పుడే.

మీ చేతిలో రెండు రేట్లు ఉన్నప్పుడు నేను చేసే పని ఇది. సైట్ ట్రైలర్‌లో సబ్ కాంట్రాక్టర్ల కొటేషన్లు పక్కపక్కన పెట్టినట్టే, కాగితం మీద రెండు గళ్లు గీస్తాను. రూము తలుపు నుంచి ఊళ్లో ఇంటి తలుపు దాకా అయ్యేవన్నీ రాస్తాను. బ్యాగు ఎన్ని, ఎన్ని కేజీలు, చేతి బ్యాగు ఉందా, సీటు, తేదీ మారిస్తే ఎంత, రద్దు చేస్తే ఎంత వస్తుంది, లేటయితే ఎవరిది బాధ్యత. వెబ్‌సైట్ అమెరికా డాలర్లలో చూపిస్తే కెనడా డాలర్లకి మార్చి, కార్డువాడి మారకం ఫీజు కూడా కలపాలి. చాలా కార్డులకి అది 2.5 శాతం. 510 డాలర్ల తేడా ఆ కాగితం మీద చాలాసార్లు 100కి వచ్చేస్తుంది. ఆ 100కి మూడు గంటల గుండెదడ కొనుక్కోవాలా అన్నది మీ ఇష్టం.

చావు కబురు వచ్చినప్పుడు మాత్రం వెబ్‌సైట్ కంటే ముందు ఫోన్. ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్ లాంటి వాటికి దగ్గరి బంధువు పోయినప్పుడు ఇచ్చే తగ్గింపు రేటు ఉంది, బిరీవ్‌మెంట్ ఫేర్ అంటారు. ప్రయాణానికి ముందే ఫోన్ చేసి అడగాలి. మీ రూటుకి, మీ తేదీకి వర్తిస్తుందా అని కూడా అడగండి. ఒక్కోసారి మామూలు చవక రేటే అంతకంటే తక్కువ ఉంటుంది, కానీ తేదీ మార్చుకునే వీలు ఇందులో బాగుంటుంది. వెళ్లొచ్చాక అడిగితే ఇవ్వరు. దీని మీద ఒక కేసు చాలా పేరు పొందింది. 2022 నవంబరులో నాయనమ్మో అమ్మమ్మో పోయిందని ఒకాయన వాంకోవర్ నుంచి టొరంటో వెళ్లాడు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఇప్పుడు మామూలు రేటుకి కొను, 90 రోజుల్లో అప్లై చేస్తే తేడా వస్తుంది అని చెప్పింది. తర్వాత కంపెనీ ఇవ్వనంది. చాట్‌బాట్ చెప్పినదానికి మా బాధ్యత లేదన్నట్టు వాదించింది. బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ 2024 ఫిబ్రవరిలో ఆ వాదన కొట్టేసింది. నష్టం కింద 650.88, వడ్డీ, ఫీజులు కలిపి 812.02 డాలర్లు ఇమ్మంది. ఆయన గెలిచింది ఆ చాట్ స్క్రీన్‌షాట్ దాచుకోబట్టి. మీరు కూడా ఎవరు ఏం చెప్పినా స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు, టైము రాసుకోండి.

ఏజెంట్ దగ్గర కొనేవాళ్లకి. ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా, క్యూబెక్‌లలో ట్రావెల్ ఏజెంట్లకి లైసెన్సు ఉండాలి, ఏజెంట్ బోర్డు తిప్పేస్తే నష్టపోయినవాళ్లకి ఇచ్చే నిధి కూడా ఉంది. ఒంటారియోలో ఆ సంస్థ పేరు టీకో. మా అల్బర్టాలో అలాంటి లైసెన్సు లేదు. ఎక్కడైనా సరే, డబ్బు ఇచ్చాక ఆరు అక్షరాల పీఎన్ఆర్ చూసి సంతోషపడకండి. అది సీటు పట్టి పెట్టినట్టు మాత్రమే. 13 అంకెల టికెట్ నంబర్ అడగండి. అది లేకపోతే టికెట్ ఇంకా పుట్టలేదు. డబ్బు ఈ-ట్రాన్స్‌ఫర్ కంటే క్రెడిట్ కార్డు మీద కట్టడం మేలు, తేడా వస్తే బ్యాంకుని అడిగే వీలుంటుంది. ఎయిర్ కెనడా, వెస్ట్‌జెట్ తమ దగ్గరే నేరుగా కొన్నవాళ్లకి 24 గంటల్లో రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాయి. అర్ధరాత్రి కంగారులో కొన్నవాళ్లకి ఇది గుర్తుండాలి.

ఇక లేటయినప్పుడు. 2019లో వచ్చిన ప్రయాణికుల రక్షణ నిబంధనల ప్రకారం, ఎయిర్‌లైన్ చేతిలో ఉన్న కారణంతో, భద్రత కోసం కాకుండా, గమ్యానికి మూడు గంటలో ఆపైనో లేటయితే పెద్ద ఎయిర్‌లైన్ 400 డాలర్లు, ఆరు దాటితే 700, తొమ్మిది దాటితే 1,000 ఇవ్వాలి. ఏడాదిలోపు రాతపూర్వకంగా అడగాలి, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇండియా రూట్ల లాంటి అంతర్జాతీయ ప్రయాణాలకి ఇవి వర్తించకూడదని ఎయిర్‌లైన్లు సుప్రీం కోర్టు దాకా వెళ్లాయి. 2024 అక్టోబరు 4న కోర్టు వర్తిస్తాయనే చెప్పింది.

మా తమ్ముడి తరఫున నేనే రాశాను. మొదటి విమానం లేటుకి 400 అడిగాం. రెండో టికెట్ పోయినందుకు వాళ్లు బాధ్యులు కారు, అది వేరే టికెట్. "భద్రతా కారణం" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఏజెన్సీకి ఫిర్యాదు పెట్టాం. అక్కడ పదుల వేల ఫిర్యాదులు వరసలో ఉన్నాయి. మాది ఇంకా నడుస్తోంది.

ఈ ఫిబ్రవరిలో బాపు సంవత్సరీకానికి వాడు మళ్లీ వెళ్లాడు. నవంబరులోనే కొన్నాం. ఎడ్మంటన్ నుంచి హైదరాబాద్ దాకా ఒకే టికెట్, రానూపోనూ 2,060, రెండు బ్యాగులు అందులోనే. బ్యాగులు ఇంట్లోనే తూకం వేశాం. ఒకటి 22.4, రెండోది 22.8. ఎయిర్‌పోర్టులో నేనే దింపి వచ్చాను.